పెటీఫోర్డ్ మందుల షాపు ఏ వైపు?

లాటిమర్ వీధి, క్లీవ్‌లండ్
అక్టోబరు 9, 2018

వెర్లీన్,

నీ ఉత్తరం అందింది. జార్జియాలో ఎండ దివ్యంగా ఉందని రాశావు. అంత దివ్యమైన ఎండని వదిలి మన నాన్న చెప్పులైనా తొడుక్కోకుండా ఉత్తరాదికి ఎందుకు పారిపోయి వచ్చాడో మీ రిటైరైనవాళ్ళ కాలనీలో గోల్ఫ్ ఆడేవాళ్ళని ఒకసారి అడుగు. నీ మొగుడు క్లైడ్ ఆ పచ్చగడ్డి కోసమే నిన్ను అక్కడికి తీసుకుపోయాడు. ఆర్నెల్లు బంతి కొట్టి తను పోయాడు, నువ్వు మిగిలావు. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. అది పోయినవాళ్ళు పెట్టిన రూలు.

ఫోను చెయ్యమని మళ్ళీ రాయకు. నా చెవిలోని మిషనూ ఫోనూ ఎదురుపడితే ఈలలు వేసుకుంటాయి. మధ్యలో నాకేం పని?

ఇక్కడ ఒక వింత జరిగింది. యూనివర్సిటీ నుంచి మిస్ వాట్కిన్స్ అనే అమ్మాయి వచ్చింది. మన నల్లవాళ్ళ పిల్లే, మర్యాదస్తురాలు. వీధిలోకి రాగానే వరండాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరినీ పలకరించింది. పెద్దవయసు నల్లవాళ్ళ జ్ఞాపకశక్తి మీదా, వాళ్ళ వీధుల మీదా, వాళ్ళ గుండెదిటవు మీదా పరిశోధనట. గుండెదిటవు అనే మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. దెబ్బలు తిన్నవాడి ఓర్పుని మెచ్చుకోవడం ఎప్పుడూ చవకైన పనే. కొట్టడం ఆపడమే ఖర్చుతో కూడుకున్నది. అయినా లోపలికి రమ్మన్నాను. కేక్ పెట్టాను.

"గేథర్స్ గారూ, ఒక గడియారం బొమ్మ వెయ్యండి. పదకొండూ పది చూపించాలి."

"ఏ గడియారం?"

"ఏదైనా ఫర్వాలేదండీ."

మన మూలమీది సేవింగ్స్ బ్యాంకు గడియారం వేశాను. బ్యాంకువాళ్ళు ఈ పేటని వదిలి పారిపోకముందే అది ఆగిపోయింది కదా. భవనం కూల్చేదాకా అలాగే ఉంది.

"ఇది నాలుగూ నలభై అయిందండీ."

"ఆ గడియారం పదకొండూ పది చూపించగా నేను చూళ్ళేదమ్మా. చూడనిది వెయ్యను. బడిలో నలభై ఏళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి."

తర్వాత మన ఇంటినుంచి చర్చికి దారి చెప్పమంది. చెప్పాను: "గేటు దాటి కుడికి తిరిగి, రెక్స్ సినిమాహాలు దాటి, పెటీఫోర్డ్ మందుల షాపు దగ్గర ఎడమకి తిరుగు. హోర్టన్ చేపలకొట్టు వాసన తగిలిందంటే ముందుకి పోయినట్టు లెక్క. వెనక్కి రా." ఆ పిల్ల చాలాసేపు రాసుకుంది. దారి రాసుకుంటోందనుకున్నాను. ఆదివారం చర్చికి వస్తుందేమోనని సంతోషించాను కూడా.

దగ్గరి బంధువు ఎవరని అడిగితే నీ పేరిచ్చాను. ఇంకెవరూ మిగల్లేదు గనక ఇచ్చాను. గర్వపడకు.

నీ అన్న,
ఎల్స్‌వర్త్


పీచ్ గ్లెన్ కాలనీ, జార్జియా
అక్టోబరు 24, 2018

అన్నయ్యకి,

దేవుడి దయవల్ల నేను కులాసా. నువ్వు కులాసాగా లేవని యూనివర్సిటీవాళ్ళు నాకు కాగితం పంపారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. "స్థలజ్ఞానం లోపించింది, కాలజ్ఞానం లోపించింది, పరీక్షకురాలితో వాదన" అని ఉంది. మూడోది నీకు పుట్టుకతో ఉన్నదే. మొదటి రెండూ కొత్త.

అన్నయ్యా, పెటీఫోర్డ్ షాపు తగలబడేనాటికి నాకింకా పెళ్ళి కాలేదు. రెక్స్ సినిమాహాలు ఉన్నచోట ఇప్పుడు గడ్డి ఉందని నువ్వే రాశావు. లేని షాపు దగ్గర ఎడమకి తిరగమని ఆ పిల్లకి ఎలా చెప్పావు? తిరిగిందా, పాపం?

నా మాట విను. ఇక్కడికి వచ్చెయ్యి. పీచ్ గ్లెన్‌లో చెత్త లేదు, కాలిపోయిన ఇల్లు లేదు, పగిలిన ఫుట్‌పాత్ లేదు. ఇళ్ళన్నీ ఒకే రంగు, ఒకే తలుపు, చూడముచ్చటగా ఉంటాయి. మొన్న పక్కింటావిడ వంటింట్లో కొలార్డ్ ఆకుకూర వండాను. ఆవిడ ఏమీ అనలేదు. ఇక్కడివాళ్ళు అంత మంచివాళ్ళు.

ఒక్క మాట ఖచ్చితంగా చెబుతున్నాను. అమ్మ ఆ ఇల్లు ఇద్దరికీ రాసింది. నా సగం అమ్మమని ఒక కంపెనీవాడు కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు. వసంతంలో నీకు మళ్ళీ పరీక్ష ఉందట. అందులో కూడా ఇలాగే తేలితే నేను సంతకం పెట్టేస్తాను. నిన్ను ఆ శిథిలాల మధ్య మతిలేకుండా తిరగనివ్వను. కోపం తెచ్చుకున్నా సరే.

చలికోటు వేసుకో.

నీ చెల్లెలు,
వెర్లీన్


లాటిమర్ వీధి
నవంబరు 6, 2018

వెర్లీన్,

కోపం తెచ్చుకున్నాను.

దారి ఎలా చెప్పాలో నువ్వు నాకు నేర్పుతున్నావా? "రెండో ఖాళీ స్థలం దాటి, నాలుగో ఖాళీ స్థలం దగ్గర తిరుగు" అని చెప్పాలా? ఈ పేటలో అందరం లేనివాటిని పట్టుకునే దారి చెప్పుకుంటాం. ఉన్నవాటిని పట్టుకుంటే వచ్చే ఏడాదికి వాటినీ కూల్చేస్తారు. లేనిదాన్ని ఎవడు కూల్చగలడు?

మిస్ వాట్కిన్స్‌ని మళ్ళీ రప్పించి, నాకు సాక్షులు కావాలని రూస్‌వెల్ట్ పూల్‌నీ, ఓజెల్లా టిబ్స్‌నీ పిలిపించాను. రూస్‌వెల్ట్ నీకు తెలుసుగా, ఉక్కు కర్మాగారంలో చేసి, ఇప్పుడు నా వరండాలో నా కుర్చీలో కూర్చోవడమే ఉద్యోగంగా పెట్టుకున్నవాడు. ఓజెల్లా మన వీధి సంఘానికి అధ్యక్షురాలు. ఎన్నిక జరిగినట్టు ఎవరికీ గుర్తులేదు. నా జన్మలో ఆ మనిషిని సాయమడగాల్సి వస్తుందనుకోలేదు. ఆకుపచ్చ టోపీ పెట్టుకుని వచ్చింది, అది తురాయి కాదు, తోట.

"సిస్టర్ టిబ్స్, ఈ పిల్లకి చెప్పు, చర్చికి ఎలా పోవాలో."

"అదేం బ్రహ్మవిద్య మాస్టారూ? రెక్స్ దాటి పెటీఫోర్డ్ దగ్గర ఎడమకి."

"చూశావామ్మా!" అన్నాను మిస్ వాట్కిన్స్‌తో.

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "మీ ముగ్గురికీ పరీక్ష పెట్టనా అండీ?" అంది. ముగ్గురం తప్పాం. తర్వాత వీధి మొత్తానికి పెట్టింది. వీధి మొత్తం తప్పింది. ఓజెల్లా నన్ను చూసిన చూపు ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు. "నీ మతి పోతే పోయింది, మా అందరిదీ పోగొట్టావు కదయ్యా" అంది.

ఇలా ఒకే వీధిలో ఇంతమందికి మతి పోవడం దేశంలోనే మొదటిసారట. తూర్పున ఎక్కడో ఉన్న ఒక ఫౌండేషన్ వాళ్ళకి గుండె కరిగింది. మాకు సులువుగా ఉండాలని వీధి పేర్ల మీద జంతువుల బొమ్మలు అతికించారు. మాది బాతు. వెనకవీధి కుందేలు, పక్కసందు బాతుపిల్ల. ఇన్నేళ్ళు చదివీ, చెప్పీ, చివరికి బాతు వీధిలో తేలాను. నిన్న రూస్‌వెల్ట్ పాలకి పోయి, తిరిగొచ్చేటప్పుడు బాతు ఏదో బాతుపిల్ల ఏదో తేల్చుకోలేక మూలమీద నిలబడిపోయాడు. పోయి పట్టుకొచ్చాను. వాడు పుట్టినప్పటినుంచి ఈ పేట దాటలేదు.

నీ కంపెనీవాడికి నా తరఫున ఏం చెప్పాలో నీకు తెలుసు. చర్చి మనిషివి గనక రాయడం లేదు.

ఎల్స్‌వర్త్


పీచ్ గ్లెన్
మార్చి 20, 2019

అన్నయ్యా,

బాతు వీధి అని చదివాక వెంటనే నర్సుని పిలిచాను. కుందేలు కూడా కనిపిస్తోందన్నమాట. భయపడకు. ఇలాంటివి కనిపించినప్పుడు వాటితో వాదించకూడదని మా నర్సు చెప్పింది. బాతుని బాతు అనే అను.

ఓజెల్లాకి ఉత్తరం రాశాను, రోజూ వచ్చి నిన్ను చూసి వెళ్ళమని. ఆవిడంటే నీకు గిట్టదని తెలుసు. కానీ ఆవిడ దేనికీ జడవదు, నీకు అలాంటి మనిషే కావాలి.

ఇక్కడ పూలు విరగబూశాయి. ఈస్టర్ దగ్గరపడింది కదా, లావెండర్ రంగు టోపీ బయటికి తీశాను. అటక మీద అమ్మ పాత గుడ్డలపెట్టె ఉంటే చూడు, టోపీకి అందులోని రిబ్బను కావాలి.

ప్రార్థన చెయ్యి. చెయ్యవని తెలుసు. అయినా చెయ్యి.

వెర్లీన్


లాటిమర్ వీధి
నవంబరు 27, 2018

వెర్లీన్,

నీ ఉత్తరం మీద మార్చి అని ఉంది. కవరు మీద పోస్టాఫీసు ముద్ర నవంబరు. నాకు మతి పోయిందని రాసిన ఉత్తరం నాలుగు నెలల ముందుగానే అందింది. ఇక్కడ మొన్ననే థాంక్స్‌గివింగ్ పండగ అయింది. నీకు అక్కడ టర్కీకోడి పెట్టలేదా? ఈస్టర్ ఏమిటి? గోడమీద కాలెండరు చూడు. చూసి నాకు రాయి. ఇది ఎగతాళి కాదు.

బాతు నాకు కనిపించడం లేదు. బాతు ఉంది. రేకు మీద రంగు వేసి, స్తంభానికి బిగించారు.

ఇక ఓజెల్లా. రోజూ వస్తోంది. పౌండ్ కేక్ ఒక చేత్తో, విచారణ ఒక చేత్తో.

"ఇవాళేం వారం, మాస్టారూ?"

"నువ్వొచ్చావుగా. శనివారమే అయ్యుంటుంది, శని పట్టింది గనక."

"మంగళవారం. రాసుకుంటున్నా."

"రాసుకో. నీ ముఖాన అది కూడా రాసుకో."

"కేక్ తింటావా, వెర్లీన్‌కి రాయమంటావా?"

తిన్నాను. కేక్‌కి వంక పెట్టలేను, నాకు అదొక అవమానం.

అయితే ఆ మనిషి మొన్న వీధి సంఘం మీటింగులో ఒక మాట అంది. నేను అనాల్సిన మాట, నాకంటే ముందు తను అనేసింది. "మన జవాబులన్నీ కరెక్టే. తప్పు వీధిది. కనక వీధిని దిద్దుదాం" అంది. కూల్చిన ఇళ్ళ తలుపులు పోగుచేసి, వాటిమీద పేర్లు రాసి బోర్డుల్లా చేసి, ఏది ఎక్కడుండేదో అక్కడ పాతడమే పని. రెక్స్ సినిమా ఉన్నచోట రెక్స్, బ్యాంకు ఉన్నచోట బ్యాంకు, దానికి నాలుగూ నలభై గడియారం. వసంతంలో ఆ పిల్ల వచ్చేసరికి మేం చెప్పిన ప్రతి జవాబూ వీధిలో నిలబడి ఉండాలి. ముసలివాళ్ళందరూ బ్రష్షులు పట్టారు. మోకాళ్ళనొప్పులన్నవాళ్ళు నిచ్చెన ఎక్కుతున్నారు. మా పాస్టరుగారు ఒక తలుపుకి ప్రార్థన కూడా చేశాడు. ఆయన చేసిన ప్రార్థనల్లో అదే పొట్టిది, అదే బాగుంది.

ఒక్కచోటే తగువు. పెటీఫోర్డ్ షాపు వీధికి దక్షిణం వైపు. ఓజెల్లా ఉత్తరం అంటుంది. నేను పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు చెబుతుంది! నువ్వు పెళ్ళికి ముందు అక్కడ సోడా కౌంటర్‌లో పనిచేశావు. ఒక్క ముక్క రాయి, దక్షిణమని. ఆ కాగితం తీసుకెళ్ళి ఆవిడ టోపీకి గుచ్చి వస్తాను.

కాలెండరు చూడటం మరచిపోకు.

ఎల్స్‌వర్త్


పీచ్ గ్లెన్
డిసెంబరు 15, 2018

అన్నయ్యా,

కాలెండరు చూశాను. డిసెంబరే. నర్సుకి కూడా చూపించాను.

నన్ను తిట్టుకోకు. ఇక్కడ పూలు వాడిపోవు. వాడేలోపల తోటమాలులు ప్లాస్టిక్ తట్టల్లో కొత్తవి తెచ్చి గుచ్చిపోతారు. గడ్డి ఎప్పుడూ ఒకటే పచ్చ. డాక్టరు ఇది ఏ కాలమమ్మా అని అడిగితే కిటికీలోంచి చూసి వసంతం అన్నాను. మరి ఏమనాలి? మంచు లేదు, రాలిన ఆకు లేదు, చిరాకు పడే మనిషి లేడు. దేన్ని బట్టి చెప్పాలి?

పక్కింటావిడ వంటింట్లో వండానని రాశాను కదా. అది నా వంటిల్లే అనుకుని వండాను. తలుపులన్నీ ఒక్కలాగే ఉంటాయి. కూర దింపేదాకా నాకు తెలియలేదు. ఆవిడ వచ్చి, రుచి చూసి, "పొగబెట్టిన టర్కీ ముక్క వేస్తే ఇంకా బాగుండేది" అంది, అంతే. ఆ తర్వాత ఆఫీసులో చెప్పింది. వాళ్ళు నవ్వుతూ వచ్చి నా పొయ్యి తీసుకుపోయారు. ఇక్కడ ఏ పనైనా నవ్వుతూనే చేస్తారు.

సరే, నా సంగతి కాదు. నీ సంగతి. పెటీఫోర్డ్ ఉత్తరం వైపే, అన్నయ్యా. ఓజెల్లా చెప్పింది నిజం. షాపు ముఖం దక్షిణానికి ఉండేది. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎండ కిటికీలోంచి కౌంటర్ మీదే పడేది. అద్దాల్లో పెట్టిన చాక్లెట్లు కరిగిపోతే పెటీఫోర్డ్ గారు నన్నే తిట్టేవాడు, సూర్యుణ్ణి నేనే పిలిచినట్టు. నాకు మొన్నటి సంగతి తప్పుతోందేమో గానీ ఇది తప్పదు.

నీకు ఇది కూడా గుర్తులేదంటే నాకు బెంగగా ఉంది. కంపెనీవాడి కాగితం బల్లమీదే ఉంది. ఇంకా సంతకం పెట్టలేదు. వసంతందాకా ఆగుతాను. అసలు వసంతందాకా.

వెర్లీన్


లాటిమర్ వీధి
జనవరి 4, 2019

వెర్లీన్,

నీకు ఓజెల్లా ఎంత కేక్ పంపింది?

నవంబరుని మార్చి అన్నదానివి, ఇంకొకరి వంటింట్లో కూర వండినదానివి, నువ్వు నా జ్ఞాపకానికి తీర్పు చెబుతున్నావు. నేను కూడా మీ డాక్టరుకి రాశాను, నిన్ను సరిగ్గా చూడమని. నువ్వు నా మీద ఓజెల్లాని తోలావు, నేను నీ మీద డాక్టరుని తోలాను. చెల్లు.

పెటీఫోర్డ్ బోర్డు దక్షిణం వైపే పాతాను. నేల గడ్డకట్టి ఉంటే రూస్‌వెల్ట్ చేత వేడినీళ్ళు పోయించి మరీ పాతాను. ఓజెల్లా తన వరండాలో నిలబడి అంతా చూసింది. తిట్టకుండానే లోపలికి పోయింది. అదే నాకు నచ్చలేదు.

పొయ్యి తీసుకుపోయినవాళ్ళు ఎవరో పేర్లు రాయి.

ఎల్స్‌వర్త్


లాటిమర్ వీధి
మే 21, 2019

వెర్లీన్,

జనవరి తర్వాత నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు.

పరీక్ష అయింది. మిస్ వాట్కిన్స్ మా అందరి వెంటా వీధిలో నడిచింది. రెక్స్ అన్నాను, రెక్స్ ఉంది. చేపలకొట్టు అన్నాను, ఉంది. రూస్‌వెల్ట్ ఆ బోర్డు దగ్గర ఆగి ముక్కు కూడా మూసుకున్నాడు. పెటీఫోర్డ్ ఏ వైపని అడిగితే దక్షిణమన్నాను. దక్షిణానే ఉంది. నాకు నూటికి నూరు. వీధి మొత్తం నెగ్గింది. "మీ గుండెదిటవు అసాధారణం" అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. జంతువుల బొమ్మలు పీక్కుపోయారు.

ఓజెల్లా వంతు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"మందుల షాపు ఏ వైపు అండీ?"

ఆవిడ బోర్డు వంక చూసింది. నా వంక చూసింది. "దక్షిణమేనమ్మా" అంది. ఆ పిల్ల వెళ్ళిపోయాక నా దగ్గరికొచ్చి, "చర్చికి పోయే నోటితో అబద్ధం చెప్పించావు మాస్టారూ. నీకు పుణ్యం ఉండదు" అంది.

"అబద్ధమని నువ్వనుకుంటే సరిపోయిందా?"

"నా బోర్డు నాకు ఉత్తరాన కావాలి. నువ్వే పాతిస్తావు. నా నడుం ఒంగదు."

సరే అన్నాను. మంచితనంతో కాదు. అక్కడ తవ్వి, మట్టి తప్ప ఏమీ లేదని చూపించి, ఇక జన్మలో నోరెత్తకుండా చేద్దామని.

నిన్న తవ్వాను. పార కింద ఖంగుమంది. చేత్తో తుడిచి చూశాను. చిన్నచిన్న తెల్ల టైల్సు, మధ్యలో నల్ల టైల్సుతో పేర్చిన పేరు. సగం పగిలింది గానీ పెటీఫోర్డ్ అనే ఉంది. గుమ్మం అది. ఆ గుమ్మం మీదనుంచి నేను లోపలికి ఎన్నిసార్లు వెళ్ళానో. నువ్వు కౌంటర్ వెనక ఉండేదానివి. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. దక్షిణం వైపు షాపు, దాని తలుపు, దాని గంట అన్నీ నాకు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఉత్తరం వైపు ఏమీ కనిపించదు. కాలి కింద ఉన్నా కనిపించదు.

"ఏమైంది మాస్టారూ?" అని ఓజెల్లా వరండాలోంచి అరిచింది.

"చెట్టు వేళ్ళు! ఇక్కడ దిగదు" అని అరిచాను. మన్ను కప్పేశాను.

సరిగ్గా గుర్తున్న మనిషి నెగ్గడానికి అబద్ధమాడింది. తప్పు గుర్తున్నవాడు నిజాయితీగా నెగ్గాడు. ఇదీ ఆ నూటికి నూరు. నేను ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను, ఎందుకంటే సగం ఇల్లు నీది, సంతకం నీది. ఇక్కడ నేను దారి తప్పలేదు ఇంతవరకు. ముందు తప్పనని చెప్పను. ఏం చేస్తావో చెయ్యి. నిన్ను తిట్టను.

ఎల్స్‌వర్త్


పీచ్ గ్లెన్
జూన్ 1, 2019

అన్నయ్యా,

మన్ను కప్పావుగా, అలాగే ఉంచు. బోర్డు ఎక్కడుందో అక్కడే ఉండనీ. అది దక్షిణం వైపే. ఇకనుంచి నేనూ అలాగే చెబుతాను, నాకు కష్టం లేదు.

కంపెనీవాడి కాగితం మీద సంతకం పెట్టలేదు. వాడొస్తే కాఫీ ఇచ్చి, పీచ్ గ్లెన్‌లో నా ఇల్లు అమ్మిపెట్టమన్నాను. వాడు మొదట నవ్వాడు, తర్వాత రాసుకున్నాడు. డాక్టరుకి నువ్వు రాసిన ఉత్తరం నాకు మొన్ననే చదివి వినిపించారు. "మా చెల్లెలికి పొయ్యి తిరిగి ఇవ్వండి, తగలబెడితే ఖర్చు నాది" అని రాశావట. జనవరినుంచి నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు నా మీద అలిగి ఉన్నావనే అనుకుంటూ కూర్చున్నాను.

ఇక్కడ నేను తప్పు తలుపు తీస్తే నవ్వి, తాళం మారుస్తారు. అక్కడైతే ఓజెల్లా నాలుగిళ్ళకి వినపడేలా తిడుతుంది. నాకు అది కావాలి. ఆవిడ తిడితే ఎక్కడున్నానో తెలుస్తుంది.

గురువారం బస్సుకి వస్తున్నాను. నా గదిలోంచి నీ పుస్తకాలు తీసెయ్యి. కూర గిన్నె నేనే తెస్తున్నాను, టోపీలు పార్సిల్‌లో వస్తాయి. బస్టాండుకి నువ్వొక్కడివే రావద్దు, రూస్‌వెల్ట్‌ని కూడా తీసుకురా, ఇద్దరిలో ఎవరో ఒకరికి దారి తెలుస్తుంది. ఓజెల్లా కూడా వస్తానంటుంది, ఆపలేవు.

నేను బస్సు దిగగానే, ఆవిడ అడిగేలోపల, ఏ నెలో నా చెవిలో చెప్పు.

నీ చెల్లెలు,
వెర్లీన్